రఖమ్ అంటే పైసలు కాదు భాయ్!

రియాద్‌లో పాస్‌పోర్టుల శాఖ ఆఫీసు. అక్కడి జనం 'జవాజాత్' అంటారు. చాంద్రాయణగుట్ట నుంచి వెళ్లిన ఓ కుర్రాడు కౌంటర్ ముందు నిలబడ్డాడని ఊహించుకోండి. అద్దం అవతల ఉద్యోగి తల ఎత్తకుండానే "రఖమ్?" అంటాడు. కుర్రాడు ఠక్కున జేబులో చెయ్యి పెట్టి రియాళ్లు బయటికి తీస్తాడు. తప్పేముంది? చిన్నప్పటి నుంచీ ఇంట్లో, గల్లీలో, కిరాణా కొట్టులో విన్న మాటే కదా! పాతబస్తీ ఉర్దూలో రఖమ్ అంటే పైసలు.

అరబ్బీలో మాత్రం రఖమ్ అంటే నంబరు. పాపం ఆ ఉద్యోగి అడిగింది అకామా నంబరు! అడక్కుండానే ప్రభుత్వోద్యోగి ముందు నోట్లు పెడితే ఆయన ఏమనుకుంటాడు? లంచం ఇవ్వజూపడం అక్కడ జైలుకు పంపే నేరం. ఆ క్షణంలో కుర్రాడి నుదుటికి పట్టే చెమటకు ఎడారి ఎండ ఒక్కటే కారణం కాదు.

పాతబస్తీకి అరబ్బీ కొత్త కాదు. అయిదో ఏట నుంచే మసీదు పక్క మదర్సాలో అలిఫ్, బే, తే దిద్దించేస్తారు. పదేళ్లొచ్చేసరికి ఖురాన్ గడగడా చదివేసే పిల్లలు ఇంటికి ఇద్దరుంటారు. అయినా గల్ఫ్‌లో దిగిన మొదటి నెలలో ఎదురయ్యే ఒక్క పేజీ కాగితం వాళ్లను నిలబెట్టేస్తుంది. అక్షరాలు తెలుసు. నోరు తిరుగుతుంది. అర్థమే తెలీదు. అసలు తెలియని భాషయితే ఎవరినైనా అడుగుతారు. సగం తెలిసిన భాష అలా కాదు, తెలిసినట్టే ఉండి నట్టేట ముంచుతుంది.

పేర్లు అవే... పనులు వేరు

ఉర్దూలో సగం ఆఫీసు మాటలు అరబ్బీ నుంచి వచ్చినవే. కానీ పర్షియా మీదుగా, ఢిల్లీ మీదుగా, దక్కన్ మీదుగా నడిచొచ్చేసరికి వాటి గుణాలు మారిపోయాయి. పెళ్లయి అత్తారింటికి వెళ్లిన పిల్లలాగా.

'రుఖ్సత్' తీసుకోండి. పాతబస్తీలో రుఖ్సత్ అంటే సెలవు, వీడ్కోలు. పెళ్లికూతుర్ని పంపే ఘట్టాన్ని రుఖ్సతీ అంటారు. అరబ్బీ 'రుఖ్సా' అంటే లైసెన్సు, అనుమతి పత్రం. పోలీసు కారాపి 'రుఖ్సా' అంటే, వెళ్లిపొమ్మంటున్నాడని సలాము కొట్టి బండి కదిపితే అంతే సంగతులు! సరే, మరి అనుమతికి ఉర్దూలో ఏమంటారు? 'ఇజాజత్'. అరబ్బీలో 'ఇజాజా' అంటే సెలవు. ఈ రెండు మాటలూ దారిలో ఎక్కడో ఇళ్లు మార్చేసుకున్నాయన్నమాట. సెలవు కావాల్సినవాడు అనుమతి అడుగుతాడు, అనుమతి కావాల్సినవాడు సెలవు అడుగుతాడు.

'ఖతమ్' అంటే మనకు అయిపోయిందని. అక్కడ 'ఖత్మ్' అంటే ముద్ర, స్టాంపు. కాగితం చూసి గుమాస్తా 'ఖత్మ్' అంటే పని అయిపోయిందని కాదు, స్టాంపు లేదని! అయిపోయిందనుకుని ఇంటికొచ్చేస్తే మర్నాడు మళ్లీ అదే లైనులో నిలబడాలి. 'దఫ్తర్' మనకు ఆఫీసు, వాళ్లకు నోటు పుస్తకం. 'తఖ్రీర్' మనకు వేదిక మీద ఉపన్యాసం, వాళ్లకు రిపోర్టు. ఆస్పత్రిలో 'తఖ్రీర్ తిబ్బీ' తెమ్మంటే డాక్టరుగారి ప్రసంగం కాదు, మెడికల్ రిపోర్టు. 'నుస్ఖా' అనగానే చార్మినార్ యునానీ దవాఖానాలో హకీమ్ సాబ్ రాసిచ్చే మందుచీటీ గుర్తొస్తుంది. అక్కడ నుస్ఖా అంటే కాపీ. 'గరీబ్' అంటే అక్కడ పేదవాడు కాదు, పరాయివాడు. "మై గరీబ్ హూఁ సాబ్" అని దీనంగా చెప్పుకుంటే, అవును, ఆ సంగతి చూస్తేనే తెలుస్తోంది అనుకుంటారు.

జీతాన్ని 'రాతిబ్' అంటారు. పాత ఉర్దూలో రాతిబ్ అంటే గుర్రానికో ఏనుగుకో రోజూ పెట్టే మేత! జీతం చాలని నెలలో ఆ పాత అర్థమే సరిపోతుందని నవ్వుకోవచ్చుగానీ, కాగితం మీద ఆ మాట పక్కనున్న అంకెను మాత్రం జాగ్రత్తగా చూడాలి.

అన్నిటికన్నా బరువైన మాట 'అఖ్ద్'. పాతబస్తీలో అఖ్ద్ అంటే నిఖా. పెళ్లి పత్రికల మీద అచ్చయ్యే మాట అది. అరబ్బీలో అఖ్ద్ అంటే ఒప్పందం, ఏ ఒప్పందమైనా సరే. ఇంటి అద్దెదీ అఖ్దే, కొలువుదీ అఖ్దే, పెళ్లిదీ అఖ్దే. ఈ మాట పాతబస్తీని కాల్చిన సందర్భాలూ ఉన్నాయి. గల్ఫ్ నుంచి వచ్చిన ముసలి షేకులకు పేదింటి ఆడపిల్లల్ని కట్టబెట్టిన పెళ్లిళ్లలో, విడాకుల కాగితం మీద కూడా ముందే సంతకం పెట్టించుకున్నారన్న ఆరోపణలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు గల్ఫ్ దేశాల పౌరులతో పాటు కొందరు ఖాజీలనూ అరెస్టు చేశారు. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడమన్నది విమానం ఎక్కాక మాత్రమే జరిగే మోసం కాదు. ఇంటి ముందు వాకిట్లోనే జరగగలదు.

తెలుగువాడికో చిన్న లాభం

ఉర్దూ రాని తెలుగువాడికి ఇదంతా మరీ అయోమయం అనుకుంటాం. కొన్నిచోట్ల తెలుగే నయం! నిజాం కచేరీల్లోనూ, అంతకు ముందు నవాబుల కొలువుల్లోనూ నలిగి తెలుగులో ఇంకిపోయిన మాటలు కొన్ని అరబ్బీ అర్థాన్నే పట్టుకుని ఉన్నాయి. 'రుసుము' చూడండి. తెలుగులో రుసుము అంటే ఫీజు. అరబ్బీ 'రుసూమ్' అన్నా ఫీజే. అదే పాతబస్తీ ఉర్దూలో 'రస్మ్', 'రుసూమ్' అంటే పెళ్లిళ్లలో జరిపే తంతులు! అసలు, బాకీ, తారీఖు, తర్జుమా... ఇవీ అంతే. జగిత్యాల రైతు నోట్లో ఉన్న అర్థమే జెద్దా గుమాస్తా నోట్లోనూ ఉంది. కోర్టులో వకీలుకిచ్చే 'వకాల్తా' అక్కడ 'వకాలా'. ఒకరి తరఫున ఇంకొకరు పని చేసుకోవడానికి ఇచ్చే పత్రం.

అలాగని మురిసిపోనక్కర్లేదు. 'నకలు' మనకు కాపీ. అరబ్బీ 'నఖ్ల్' అంటే ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడం. 'నఖ్ల్ కఫాలా' అని రాసి ఉంటే కఫీల్ కాగితానికి నకలు కాదు, ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి మనిషే బదిలీ. ఇక 'ముద్దాయి' సంగతి చెప్పాలి. జీతం ఇవ్వలేదని లేబర్ కోర్టుకెక్కిన కార్మికుడి పేరు ఎదురుగా 'ముద్దఈ' అని ఉంటుంది. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు కదా! "ఫిర్యాదు చేసింది నేనైతే నన్నే ముద్దాయిని చేశారా?" అని గుండెలు బాదుకుంటాడు. కంగారక్కర్లేదు. అరబ్బీలోనూ ఉర్దూలోనూ ముద్దఈ అంటే దావా వేసినవాడే. ఎక్కడో మన కోర్టు వరండాల్లో మాట తిరగబడింది.

మన ఆఫీసుల్లో 'మామూలు' అంటే ఏమిటో అందరికీ తెలుసు. అరబ్ దేశాల్లో మామూల్ అంటే ఖర్జూరం కూరిన బిస్కట్టు. పండగపూట అడిగి మరీ తినొచ్చు.

బార్కస్ ముసలివాళ్లు

అరబ్బీ నేర్చుకోవడానికి పాతబస్తీ వాళ్లు మరీ దూరం వెళ్లనక్కర్లేదు. చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల పేట. 'బ్యారక్స్' అన్న ఇంగ్లీషు మాటే నలిగి బార్కస్ అయింది. హద్రమౌత్‌ను ఏలిన ఖుఐతీ సుల్తానుల వంశకర్త కూడా హైదరాబాద్ జమేదారుగా గడించిన సొమ్ముతోనే అక్కడ రాజ్యం కట్టుకున్నాడు. ఒకప్పుడు కొలువు కోసం అరబ్బులు హైదరాబాద్ వచ్చారు. 1970ల్లో చమురు ధర పెరిగాక అదే కొలువు కోసం హైదరాబాదీలు అటు బయల్దేరారు. బార్కస్ జామకాయలు, హరీస్ తెలియనివాళ్లు నగరంలో తక్కువ. కానీ అక్కడి పెద్దల నోట మిగిలిన అరబ్బీ తాతల నాటి హద్రమీ యాస. మాట్లాడటానికి, మర్యాదకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. లేబర్ ఆఫీసు దరఖాస్తు నింపడానికి అది చాలదు.

పోనీ చదువులో నేర్చుకుందామంటే లోటు లేదు. షిబ్లీగంజ్‌లో జామియా నిజామియా ఉంది. అరబ్బీ ప్రాచీన గ్రంథాలు అచ్చువేసే దాయిరతుల్ మారిఫ్ 1888 నుంచీ ఉంది. ఉస్మానియాలో శాఖ ఉంది, తార్నాకలో ఇఫ్లూ ఉంది. వీటిలో చదివినవాళ్ల అరబ్బీ ముందు చాలామంది అరబ్బులే నిలవలేరు. అయితే ఏసీ మెకానిక్ వీసా చేతిలో పట్టుకుని, ఇంకో ఇరవై రోజుల్లో ఎగరబోతున్నవాడికి కావాల్సింది వ్యాకరణం కాదు. ఓ యాభై మాటలు. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో, పత్తర్‌గట్టీ దుకాణాల్లో దొరికే బోల్‌చాల్ పుస్తకాలు ఈ అవసరాన్ని సగమే తీరుస్తాయి. టమాటా ఎంత, విమానాశ్రయం ఎటు, మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు... ఇలా సాగుతాయి. జీతం రాకపోతే ఏమనాలో మాత్రం ఉండదు!

గల్ఫ్‌లో పనివాళ్ల మధ్య పుట్టిన కలగాపులగం అరబ్బీ ఒకటుంది. 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. ఈ రెండిటితోనే సంసారం నడిచిపోతుంది. 'మాఫీ మాలూమ్' అంటే తెలీదు, 'మాఫీ ముష్కిల్' అంటే ఫర్లేదు. ఆ మాటకొస్తే మన మాటలూ అక్కడ దిగాయి. గల్ఫ్ అరబ్బు తిన్నగా వెళ్లమనడానికి 'సీదా' అంటాడు. పంఖాను బంకా అంటాడు, వాళ్ల భాషలో 'ప' లేదు గనుక. ఈ బజారు భాషతో గదిలో, సైట్‌లో బతికేయొచ్చు. కాగితం మాత్రం బజారు భాషలో రాయరు.

సున్నా అనుకుంటే అయిదు

అరబ్బీ కాగితం చదవడంలో మొదటి చిక్కు జేర్, జబర్‌లు. ఖురాన్‌లో ప్రతి అక్షరం మీదా, కిందా అచ్చుల గుర్తులుంటాయి. ఆఫీసు కాగితంలో ఒక్కటీ ఉండదు. హల్లులే. ఐన్, ఖాఫ్, దాల్ అని మూడక్షరాలుంటే అది 'అఖ్ద్' కావొచ్చు, ఒప్పందం. 'ఇఖ్ద్' కూడా కావొచ్చు, మెడలో హారం. ఏది ఏమిటో ముందే తెలిసినవాడే చదవగలడు. అంటే మాట తెలియకుండా అక్షరాలు తెలిసి ప్రయోజనం లేదు.

అంకెలు ఇంకో తమాషా. మన సున్నాలా గుండ్రంగా ఉన్నది వాళ్ల అయిదు. వాళ్ల సున్నా ఒక చుక్క, అంతే. ఇంగ్లీషు ఏడులా కనిపించేది ఆరు. తెలియనివాడు 1500 రియాళ్ల జీతాన్ని చూస్తే ఒకటి, సున్నా, తర్వాత రెండు చుక్కలు కనిపిస్తాయి. తేదీలయితే చాలాకాలం హిజ్రీలోనే ఉండేవి. చంద్రమానం కాబట్టి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. మూడేళ్లకు నెల తేడా. అకామా గడువు ఫలానా నెలలో అని ఇంగ్లీషు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడే జరిమానాల్లో పడ్డారు. జరిమానా అన్న మాట అక్కడ వినపడదు. 'గరామా' అంటారు.

ఇక పేర్లు. అరబ్ ఫారంలో సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు, చివర వంశం పేరు ఉంటాయి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందొస్తుంది. దాంతో మనిషిని ఇంటిపేరుతోనే పిలిచేస్తారు. ప, చ, ట అక్షరాలు అరబ్బీలో లేవు. పోచయ్య కాస్తా బోషయ్య అవుతాడు. పాతబస్తీలో ఇంకో గొడవ. ఒక సర్టిఫికెట్ మీద 'ఎండీ', ఇంకోదాని మీద 'మొహద్', పాస్‌పోర్టులో 'మహమ్మద్'. మనకు ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ఇక్కడ ఇల్లు వదలకముందే సరిచేసుకోవాల్సిన పని ఇది. అక్కడికెళ్లాక ఒక్క అక్షరం మార్చాలంటే నెలలు పడుతుంది.

ఖల్లివెల్లి

కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల్లో అరబ్బీ మాటలు ఇప్పుడు తెలుగు మాటలే. అకామా, కఫీల్, జవాజాత్, ఖద్దామా, మత్లూబ్... ఏ రచ్చబండ దగ్గరైనా వినిపిస్తాయి. 'ఖల్లీ వల్లీ' అంటే అరబ్బీలో 'పోనీయ్, వదిలేయ్' అని. అది పల్లెకొచ్చేసరికి కఫీల్‌ను వదిలేసి, కాగితాలు లేకుండా దొంగచాటుగా పనిచేసుకునే మనిషికి పేరైంది. "మావోడు రెండేండ్ల సంది ఖల్లివెల్లి ఉన్నడు" అని తల్లి చెబుతుంటే, ఆ ఒక్క మాటలోనే సంగతంతా ఉంటుంది.

అదే స్థితికి సర్కారు కాగితం మీద రాసే మాట 'హురూబ్'. పారిపోవడం. పనివాడు పారిపోయాడని కఫీల్ రాసిచ్చాడంటే అకామా చెల్లదు, కొత్త పని దొరకదు, ఇంటికి రావాలన్నా దారి మూసుకుపోతుంది. పారిపోనివాడి మీద కూడా కక్షతో హురూబ్ పెట్టించిన కేసులు తక్కువేం కాదు. కువైట్ వెళ్లే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లయితే వీసా నంబరుతోనే లెక్క చెబుతారు. 18 అంటే కంపెనీ కొలువు, 20 అంటే ఇంటిపని. ఆ రెండంకెల మధ్య తేడా చాలా పెద్దది. ఏ చట్టం వర్తిస్తుందో తేల్చేది అదే.

2013లో సౌదీ నితాకత్ గడువు ఇచ్చినప్పుడూ, 2017లో మళ్లీ క్షమాభిక్ష ప్రకటించినప్పుడూ వేలమంది భారతీయులు ఔట్‌పాసుల కోసం లైన్లలో నిలబడ్డారు. ఆ లైన్లలో పాతబస్తీ కుర్రాళ్లకు గిరాకీ ఉండేదంటే ఆశ్చర్యం లేదు. ఉర్దూ, తెలుగు, కాస్త అరబ్బీ... మూడూ వచ్చినవాడు పక్కన ఉంటే సగం ధైర్యం.

ఒక్క మాట... 3,667 రియాళ్లు

సంతకం పెట్టే కాగితాల్లో ఖరీదైనది ఏది? ఉద్యోగంలో చేరేటప్పటిది అనుకుంటాం. నిజానికి వదిలేటప్పటిది.

సౌదీ కార్మిక చట్టం ప్రకారం కొలువు ముగిసినప్పుడు కార్మికుడికి కొంత మొత్తం ఇవ్వాలి. మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున. నెలకు 2,000 రియాళ్ల మీద ఎనిమిదేళ్లు పనిచేసినవాడికి మొదటి అయిదేళ్లకు 5,000, మిగతా మూడేళ్లకు 6,000, మొత్తం 11,000 రియాళ్లు రావాలి. కానీ తనంతట తాను రాజీనామా చేస్తే ఇందులో మూడింట రెండొంతులే. అంటే 7,333. తేడా 3,667 రియాళ్లు! రెండు కాగితాలకూ చూడటానికి తేడా ఉండదు. ఒకదాని మీద 'ఇస్తిఖాలా' అని ఉంటుంది. రాజీనామా. ఉర్దూలో రాజీనామా 'ఇస్తీఫా' కదా, దానికీ దీనికీ పోలికే లేదు. పైగా ఇస్తిఖాలా చెవికి 'ఇస్తిఖ్లాల్'లా వినిపిస్తుంది. స్వాతంత్ర్యం! ఇంటికెళ్లే సంబరంలో ఉన్నవాడికి అది సరిగ్గానే ఉందనిపిస్తుంది.

ఆ డబ్బును 'ముకాఫా' అంటారు, బహుమానమని. ఉర్దూలో ముకాఫాత్ అంటే చేసిన పాపానికి పడే శిక్ష. దానికోసం సంతకం చేసే చివరి కాగితం 'ముఖాలసా'. నాకు రావాల్సిందంతా ముట్టింది, ఇక ఏమీ బాకీ లేదు అని. డబ్బు చేతికి రాకముందే దాని మీద సంతకం పెట్టినవాడు తర్వాత ఏ కోర్టుకెళ్లినా మొదటి ప్రశ్న ఆ సంతకం గురించే. ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకూ, ఖద్దామాలకూ ఈ చట్టం వర్తించదన్నది ఇంకో విషాదం. వాళ్లకు వేరే నిబంధనలు, వేరే లెక్క.

కాగితం ఇంగ్లీషులో కూడా ఉంది కదా అని ధీమా పనికిరాదు. రెండు భాషల్లో ఉండి రెండిటికీ తేడా వస్తే అరబ్బీలో ఉన్నదే చెల్లుతుందని సౌదీ చట్టమే చెబుతోంది. 2021 మార్చి 14 నుంచి సంస్కరణలు వచ్చాయి. ఏడాది పూర్తయ్యాక కఫీల్ అనుమతి లేకుండానే చాలామంది ప్రైవేటు ఉద్యోగులు వేరే చోటికి మారొచ్చు. ఒప్పందాలు 'ఖివా' అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటాయి. అకామా వివరాలు 'అబ్షర్'లో చూసుకోవచ్చు. మంచిదే. అయితే ఫోన్ తన చేతిలో ఉండి, పాస్‌వర్డ్ తనకే తెలిసి ఉండాలి. కంపెనీ మందూబ్ చేతికి ఫోనిచ్చి 'నువ్వే నొక్కు భాయ్' అనేవాడికి కాగితమైనా ఒకటే, తెర అయినా ఒకటే.

అందుకే పాత కాపులు కొత్తవాళ్లకు ముందు నేర్పాల్సింది సలాములూ, కుశలప్రశ్నలూ కాదు. "ఏష్ మక్తూబ్ హినా?" ఇక్కడేం రాసుంది? సంతకం పెట్టే ప్రతిసారీ ఈ ఒక్కటి అడిగినా చాలు. మక్తూబ్ అంటే ఉర్దూలో ఉత్తరం, అరబ్బీలో రాసి ఉన్నది. నుదుటి రాతకూ అదే మాట. ఆ తర్వాత "అబ్గా నుస్ఖా", నాకో కాపీ కావాలి. డబ్బు కడితే "ఆతీనీ వసల్", రసీదివ్వు. "మతా యఖ్లస్?" ఎప్పటికవుతుంది? దీనికి జవాబు 'బుక్రా' అని వస్తుంది. రేపు అని అర్థం, మన ఆఫీసుల్లో రేపుకు ఎంత విలువో దానికీ అంతే. "మా ఇస్తలమ్త్ అర్రాతిబ్", జీతం ముట్టలేదు. "జవాజీ ఇంద్ అల్ కఫీల్", నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. ఈ చివరిది గట్టిగా చెప్పొచ్చు. పనివాడి పాస్‌పోర్టు యజమాని దాచుకోవడం సౌదీలోనూ, ఖతర్‌లోనూ నిబంధనలకు విరుద్ధం.

ఇంటి దగ్గర ఆడవాళ్ల చదువు

మగవాళ్లు అక్కడ తంటాలు పడితే, ఇక్కడి ఫైలు మోసేది ఆడవాళ్లే. పాతబస్తీలో చాలా ఇళ్లలో ఇనప బీరువా పై అరలో ఓ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. నిఖానామా, అరబ్బీ తర్జుమా, దాని వెనక ఒకదాని మీద ఒకటి ముద్రలు. భార్యకు వీసా కావాలంటే ఆ కాగితానికి రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర... ఇలా వరసగా పడాల్సి వచ్చేది. సౌదీ 2022 డిసెంబరులో అపోస్టిల్ ఒప్పందంలోకి వచ్చాక ఎంబసీ మెట్టు తగ్గింది. భారత్ అందులో 2005లోనే చేరింది.

2017 జులై నుంచి సౌదీ కుటుంబ సభ్యుల మీద ఫీజు వేసింది. 'రుసూమ్ అల్ మురాఫిఖీన్'. తలకు నెలకు 100 రియాళ్లతో మొదలై 2020కి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలుంటే ఆ లెక్కన ఏడాదికి 19,200 రియాళ్లు. ఎంతోమంది కుటుంబాలను వెనక్కి పంపేశారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలతో తల్లులు హైదరాబాద్ బళ్లకు వచ్చారు. పిల్లవాడి పుట్టిన సర్టిఫికెట్ అరబ్బీలో. 'షహాదత్ మీలాద్'. హెడ్‌మాస్టరుకు అర్థం కాదు. 'షహాదత్' అన్న మాట ఉర్దూలో ప్రాణత్యాగం, సాక్ష్యం. 'మీలాద్' అంటే ప్రవక్త జన్మదిన ఊరేగింపు. బడి గుమాస్తాకు ఈ రెండూ ఒక కాగితం మీద ఎందుకున్నాయో అంతుపట్టదు. తర్జుమా చేయించుకు రమ్మంటాడు. అప్పుడు నేర్చుకుంటారు ఆ తల్లులు, ఏ మూల ఏమని ఉంటుందో. పేరు ఎక్కడ, తారీఖు ఎక్కడ, తండ్రి అకామా రఖమ్ ఎక్కడ.

ఎవరూ నేర్చుకోవాలని కోరుకోని కాగితం ఇంకొకటుంది. అక్కడ మనిషి పోతే వచ్చేది. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు కాగితం అక్కడివాళ్లు చూసుకుంటారు. ఇక్కడి నుంచి వెళ్లాల్సింది వారసుల వకాలా. ఫలానా మనిషికి అధికారమిస్తున్నాం, ఫలానా పని చేయనివ్వండి అని నోటరీ ముద్రతో. ఆ 'ఫలానా పని' దగ్గర ఇంటివాళ్లు రెండిట్లో ఒకటి చెప్పాలి. ఒకటి 'దఫ్న్'. పాతబస్తీలో ఏ ఇల్లాలికీ తర్జుమా అక్కర్లేని మాట. అక్కడి మట్టిలోనే కలపండి అని. చాలా ఇళ్లలో, ఆ పవిత్ర భూమే మేలని, దానికే ఒప్పుకుంటారు.

రెండోది 'నఖ్ల్ అల్ జుస్మాన్'. నకలు అన్న మాటే. జగిత్యాల నుంచి వచ్చిన ముసలి తండ్రి పాతబస్తీ తర్జుమా దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడనుకోండి. టైపు చేసే పెద్దమనిషి ఆ వరస మీద వేలు పెట్టి ఆపుతాడు. నఖ్ల్ అంటే నకలు కాదు పెద్దాయనా, తీసుకురావడం అని చెబుతాడు. ముసలాయన ఇంకోసారి అడుగుతాడు. ఏమని ఉంది బిడ్డా? ఇంటికి తీసుకురావడమని. అయితే అదే రాయి, అంటాడు.